నిప్పు చుట్టూ తిరిగే ఇంగ్లీషు మాటలు: ధాతువు పట్టుకుని నేర్చుకునే పద్ధతి

ఇగ్నైట్, ఇన్‌సెండియరీ, కాన్‌ఫ్లగ్రేషన్, కాటరైజ్, కంబస్టిబుల్. ఏది వెతికినా నిఘంటువులో "మండు, కాల్చు, అంటించు" అన్న మాటలే ఎదురవుతాయి. అందుకే వీటిని జాబితాగా బట్టీ పడితే నెల తిరిగేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నిజానికి ఈ మాటల్లో ఎక్కువ భాగం పది పన్నెండు ధాతువుల సంతానం. ధాతువు తెలిస్తే మాట గుర్తుంటుంది, ఎక్కడ వాడాలో ఎక్కడ వాడకూడదో కూడా తెలుస్తుంది. తెలుగువాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. అగ్ని, ధూమం, తాపం, ఉష్ణం, ఇంధనం లాంటి సంస్కృత పదాలు మన నోట్లో ఎప్పుడూ ఉండేవే. ఆ ధాతువుల్లో సగానికి ఇవే సాటి రూపాలు.

ముందు మాట ఏ పొరదో చూడండి

ఇంగ్లీషు పదసంపద మూడు పొరలుగా పేరుకుంది. అడుగున పాత ఇంగ్లీషు, దానికి దగ్గరి బంధువులైన జర్మానిక్ భాషల మాటలు: ఫైర్, బర్న్, ఎంబర్, యాష్, స్మోక్, హార్త్, కిండిల్. ఒకటి రెండు అక్షరాల్లో ముగిసే ఈ మాటలు ఇంట్లో, వంట దగ్గర, చలి కాచుకునే చోట పుట్టినవి. వీటి మీద లాటిన్ నుంచి, ఎక్కువగా ఫ్రెంచి మీదుగా వచ్చిన పొర: ఫ్లేమ్, ఫ్యూయెల్, ఆర్డెంట్, ఆర్సన్, కంబస్షన్. చట్టం, ఇంజనీరింగ్, సాహిత్యం వీటి చోటు. అన్నిటికన్నా పైన గ్రీకు పొర: పైరో, థర్మో, కాస్టిక్. ఇది వైద్యానిది, శాస్త్రానిది.

పొర తెలిస్తే స్థాయి తెలిసినట్టే. చెయ్యి కాలితే అది బర్న్. రక్తం కారే చోట డాక్టరు కావాలని కాలిస్తే కాటరైజ్. శత్రువు నగరం మీద వేసేది ఇన్‌సెండియరీ బాంబు. మూడింట్లోనూ జరిగేది కాల్చడమే అయినా ఒకదాని చోట ఇంకొకటి పెడితే వాక్యం ఎబ్బెట్టుగా ఉంటుంది.

నిప్పుకు రెండు పాత పేర్లు

సంస్కృతం, గ్రీకు, లాటిన్, ఇంగ్లీషు భాషలకు మూలమైన పురాతన భాషలో నిప్పుకు రెండు పేర్లు ఉండేవి. ఒకటి నిప్పును వస్తువుగా, జడపదార్థంగా చూసిన పేరు. రెండోది నిప్పును ప్రాణమున్నదిగా, తనంతట తాను కదిలే శక్తిగా చూసిన పేరు. మొదటిది గ్రీకులో పూర్ అయింది, ఇంగ్లీషులో ఫైర్ అయింది. రెండోది సంస్కృతంలో అగ్ని, లాటిన్‌లో ఇగ్నిస్.

పూర్ ఎక్కడ, ఫైర్ ఎక్కడ అనిపిస్తే పిత, పాదం, పంచ అన్న మాటల పక్కన ఫాదర్, ఫుట్, ఫైవ్ పెట్టి చూడండి. మూలభాషలోని "ప" జర్మానిక్ భాషల్లో "ఫ" అయింది. 1822లో జర్మన్ భాషావేత్త యాకబ్ గ్రిమ్ సూత్రంగా రాసిన ధ్వని మార్పుల్లో ఇదొకటి. ఒకటి రెండు మాటల్లో కాకుండా భాషంతటా వరసగా జరిగింది కాబట్టి దీన్ని నమ్మవచ్చు. ఫైర్ అనే మాట గ్రీకు నుంచి వచ్చిందని చాలామంది రాస్తుంటారు. అది తప్పు. రెండూ ఒకే తల్లి పిల్లలు, అంతే.

గ్రీకు పూర్ నుంచి సూటిగా వచ్చినవి వేరే ఉన్నాయి. శవాన్ని కాల్చే చితి పైర్. బాణసంచా విద్య పైరోటెక్నిక్స్. కొలిమిలోని వేడిని కొలిచే పరికరం పైరోమీటర్. గాలి తగలకుండా వేడితో పదార్థాన్ని విడగొట్టడం పైరాలిసిస్. ఉక్కుతో కొడితే నిప్పురవ్వలు రాల్చే రాయి పైరైట్. గ్రీకులో జ్వరాన్ని పురెటోస్ అనేవాళ్లు, ఒళ్లు కాలిపోవడమే కదా జ్వరమంటే. జ్వరం తగ్గించే మందును యాంటీపైరెటిక్ అనడం అక్కడి నుంచి వచ్చింది. ఈ కుటుంబాన్ని స్పెల్లింగులో పట్టుకోవడం తేలిక: పి, వై, ఆర్ వరసగా ఉంటాయి. అయితే పిరమిడ్ కూడా అవే అక్షరాలతో మొదలవుతుంది, దానికీ నిప్పుకూ చుట్టరికం ఉందనడానికి ఆధారం లేదు.

ఇగ్నిస్ కుటుంబం చిన్నది: ఇగ్నైట్, ఇగ్నిషన్, ఇగ్నియస్. శిలాద్రవం చల్లారి గట్టిపడిన రాళ్లను ఇగ్నియస్ రాళ్లంటారు, మన పాఠ్యపుస్తకాల్లో అవే అగ్నిశిలలు. ఇక్కడ అనువాదమూ ధాతువూ ఒకటే కావడం ముచ్చటైన సంగతి.

పొయ్యిలోంచి వచ్చిన ఫోకస్

ఈ ధాతువు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దీని పిల్లలు నిప్పు పోలికే లేకుండా తిరుగుతున్నారు. లాటిన్‌లో ఫోకస్ అంటే ఇంటి మధ్య ఉండే పొయ్యి. కాలక్రమంలో జనం పొయ్యి పేరునే నిప్పుకు పెట్టేశారు, అసలు పేరైన ఇగ్నిస్ వాడుకలోంచి తప్పుకుంది. ఫ్రెంచి ఫు, స్పానిష్ ఫ్వేగో, ఇటాలియన్ ఫువోకో, అన్నీ ఆ పొయ్యి నుంచి వచ్చినవే.

ఇంగ్లీషులోకి ఇది కనీసం అయిదు దారుల్లో వచ్చింది. పొయ్యిలో పెట్టేది ఫ్యూయెల్. థియేటర్లో, హోటల్లో లోపలికి అడుగుపెట్టగానే వచ్చే హాలు ఫోయర్, ఫ్రెంచిలో దాని అసలు అర్థం పొయ్యి, వెచ్చగా కూర్చునే చోటు. నిప్పు పుట్టించే ఉక్కుముక్క పేరు తుపాకీకి మారి, ఫ్రెంచిలో ఫ్యూజిల్ అయింది. వరసగా తుపాకులు పేలడం ఫ్యూజిలేడ్. కర్ఫ్యూ అంటే పాత ఫ్రెంచిలో "నిప్పు కప్పు" అని. మధ్యయుగాల్లో ఐరోపా పట్టణాల్లో ఇళ్లు చాలావరకు కొయ్యవి. రాత్రి గంట కొట్టగానే పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పెయ్యాలి, లేకపోతే ఒక్క ఇంట్లో అంటుకున్నది వీధంతా పాకుతుంది. ఆ గంట పేరే తర్వాత బయట తిరగొద్దనే ఆజ్ఞకు పేరయింది.

అయిదోది ఫోకస్ అన్న మాటే. 1604లో ఖగోళ శాస్త్రవేత్త యోహానెస్ కెప్లర్ దీర్ఘవృత్తం లాంటి వక్రాల్లోని ప్రత్యేక బిందువుకు ఈ పేరు పెట్టాడు. కటకంతో ఎండను ఒక్క చోటికి చేరిస్తే అక్కడ కాగితం కాలుతుంది కాబట్టి ఆ పేరు చక్కగా అతికింది. మనసు ఒక్క చోట పెట్టడం అన్న ఇప్పటి అర్థం దాని తర్వాతిది.

మంట, మెరుపు, వేడి

మండటానికి లాటిన్‌లో ఫ్లగ్రారే అనే క్రియ ఉంది, మంటకు ఫ్లమ్మా. ఫ్లేమ్, ఇన్‌ఫ్లేమ్, కాన్‌ఫ్లగ్రేషన్, ఫ్లంబోయంట్, ఫ్లమింగో అన్నీ ఇక్కడివే. ఫ్లేగ్రంట్ అంటే మొదట మండుతున్నది. నేరం ఇంకా మండుతుండగానే దొరికిపోవడం నుంచి "బాహాటమైన" అనే అర్థం వచ్చింది. ఇదే మూలం నుంచి గ్రీకులో ఫ్లెగ్మా (ఇంగ్లీషులో కఫం అనే అర్థమున్న ఫ్లెమ్ దాని నుంచి వచ్చిందే), సంస్కృతంలో తేజస్సు అనే అర్థంలో భర్గం వచ్చాయి.

కాండేరే అంటే తెల్లగా వెలగడం. క్యాండిల్, ఇన్‌కాండిసెంట్, అంటించే అర్థంలో ఇన్‌సెండియరీ, ధూపం అనే అర్థంలో ఇన్‌సెన్స్ దీని సంతానం. సంస్కృతంలో చంద్ర అన్నా మెరిసేదనే. క్యాండిడేట్ కూడా ఇక్కడి మాటే: రోములో పదవికి పోటీ చేసేవాళ్లు సుద్దతో తెల్లగా చేసిన వస్త్రం కట్టుకునేవారు. ఇన్‌సెంటివ్ మాత్రం ఈ ఇంటిది కాదు. అది రాగం ఎత్తుకోవడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది.

తెలుగువాళ్లకు అన్నిటికన్నా తేలికగా ఎక్కేవి తర్వాతి నాలుగు. ఉష్ణంలోని ఉష్ అనే ధాతువు లాటిన్‌లో ఊరేరే, దాని భూతకాల రూపం ఉస్టుస్. కంబస్ట్ చివర వినిపించే "అస్ట్" అదే. ధూమం లాటిన్‌లో ఫూముస్, మాట మొదట్లోని పాత "ధ" అక్కడ "ఫ" అయిపోతుంది. దాన్నుంచి ఫ్యూమ్, ఫ్యూమిగేట్, పొగ పెట్టి పరిమళింపజేయడం అనే అర్థంలో పర్‌ఫ్యూమ్. ఎండ, చెమట అనే అర్థాలున్న ఘర్మం గ్రీకులో థెర్మోస్, లాటిన్‌లో కొలిమి అనే అర్థంలో ఫోర్నాక్స్, ఇంగ్లీషులో ఫర్నేస్. తాపం బంధువు టెపిడ్. కాకపోతే దాని వేడి తగ్గిపోయింది: టెపిడ్ అంటే గోరువెచ్చన, మనుషుల విషయంలో ఉత్సాహం లేని స్పందన.

ఇంధనం కథ ఇంకా దూరం వెళ్తుంది. అంటించడం అనే అర్థమున్న ఇంధ్ ధాతువుకు గ్రీకు జోడీ ఐథేయిన్. మండే పైగాలిని గ్రీకులు ఐథేర్ అన్నారు, అదే ఈథర్. కాంతి ప్రయాణించే మాధ్యమంగా పాత భౌతికశాస్త్రం ఊహించిన ఈథర్‌ను తలుచుకుని 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ కంప్యూటర్లను కలిపే పద్ధతికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఇదే ధాతువు పొయ్యి, ఆపైన ఇల్లు అయి, పెద్ద భవనం అనే అర్థంలో ఎడిఫిస్‌గా ఇంగ్లీషుకు చేరింది.

గ్రీకు కాయెయిన్ అంటే కాల్చడం. చర్మాన్ని తినేసే కాస్టిక్ సోడా, గాయాన్ని కాల్చే కాటరైజ్, బలిపశువును పూర్తిగా కాల్చేయడం అనే అర్థంతో మొదలైన హోలోకాస్ట్ అక్కడివి. ఇంక్ కూడా: పాత గ్రీకులో ఎన్‌కాస్టన్, చక్రవర్తులు సంతకానికి వాడిన ఊదారంగు సిరా. కామ్ అయితే మిట్టమధ్యాహ్నపు ఎండకున్న గ్రీకు పేరు నుంచి బయల్దేరి, ఆ వేళ పని ఆపి తీసుకునే విశ్రాంతిగా మారి, ప్రశాంతత అయింది.

బర్న్ పిల్లలు

పాత ఇంగ్లీషులో కాలడానికి ఒక క్రియ, కాల్చడానికి ఇంకో క్రియ ఉండేవి. రెండూ కలిసి బర్న్ అయ్యాయి. అందుకే "ద వుడ్ బర్న్స్" అన్నా "ఐ బర్న్ వుడ్" అన్నా ఒకే మాట సరిపోతుంది. మన కాలు, కాల్చు తేడాను ఇంగ్లీషులో వాక్యం చూసే తెలుసుకోవాలి.

బ్రాండ్ అంటే మొదట మండుతున్న కొరివి. తర్వాత కాల్చిన ఇనుముతో పశువుల మీద, పీపాల మీద వేసే వాత. 19వ శతాబ్దంలో వ్యాపార ముద్ర. బ్రాండీ డచ్చి భాషలో "కాల్చిన ద్రాక్షసారా", అంటే మంట మీద బట్టీ పట్టినది. బ్రాండ్‌న్యూ అంటే కొలిమిలోంచి అప్పుడే తీసినంత కొత్త. బ్రిమ్‌స్టోన్ మండే రాయి, అంటే గంధకం.

ఎక్కడ తప్పుతారు

సిండర్ చూడగానే బూడిద అనే లాటిన్ మాట కినిస్, దాన్నుంచి వచ్చిన ఇన్‌సినరేట్ గుర్తొస్తాయి. కానీ సిండర్ పాత ఇంగ్లీషు మాట, ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం. మొదట ఎస్‌తో రాసేవాళ్లు. ఫ్రెంచి సాంద్ర్ పోలికతో సి వచ్చి చేరింది.

ఇన్‌ఫెర్నోలో నిప్పు లేదు. దాని అర్థం కిందిది, పాతాళానిది. ఇన్‌ఫీరియర్ దాని చెల్లెలు, సంస్కృతంలో అధర దాని బంధువు. మనం పెదవికి వాడే అధరం అసలు కింది పెదవే. నరకం మండుతుంటుందన్న ఊహ నుంచే ఇన్‌ఫెర్నోకు మంటలు అంటుకున్నాయి.

ఫ్యూజ్ రెండు వేర్వేరు మాటలు. బాంబు వత్తి అనే ఫ్యూజ్ ఇటాలియన్‌లో కదురు అనే మాట నుంచి, ఆ ఆకారం వల్ల వచ్చింది. కరెంటు ఫ్యూజ్ కరగడం, పోయడం అనే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. ఫ్యూజన్, ఫౌండ్రీ దాని తోబుట్టువులు. లోపలి తీగ కరిగి తెగడమే దాని పని కదా.

పొయ్యి అనే హార్త్, గుండె అనే హార్ట్ ఒకలా వినిపించినా సంబంధం లేదు. బోన్‌ఫైర్‌ను ఫ్రెంచి "మంచి" అనే మాటతో ముడిపెట్టి 1755 నాటి తన నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ కూడా రాశాడు. 15వ శతాబ్దపు రాతల్లో అది స్పష్టంగా ఎముకల మంట.

తెలుగు వైపు నుంచి జరిగే తప్పు వేరు. నిప్పు, మంట, సెగ, కాలు, కాగు ద్రావిడ మాటలు. కాగు, కాచు చూసి గ్రీకు కాయెయిన్‌తోనో, కాలు చూసి ఇంగ్లీషు కోల్‌తోనో ముడివేయాలనిపిస్తుంది. ఆ పోలిక కాకతాళీయం. వరస తప్పకుండా జరిగిన ధ్వని మార్పు చూపించలేనప్పుడు ఎంత అందమైన పోలికనైనా వదిలెయ్యాలి.

కొత్త మాట ఎదురైతే ఇలా విప్పండి

డీఫ్లగ్రేషన్ తీసుకోండి. ముందున్న డీ, వెనకున్న ఏషన్ తీసేస్తే ఫ్లగ్ర్ మిగులుతుంది. మండే కుటుంబం, లాటిన్ పొర, కాబట్టి సాంకేతిక పదం అయి ఉండాలి. ఇప్పుడు వ్యుత్పత్తి ఇచ్చే నిఘంటువు తెరిచి మూడు సంగతులు సరిచూడండి. ఒకటి, ధ్వని మార్పు తెలిసిన వరసలో ఉందా. రెండు, అర్థం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎలా మారిందో చూపించే రాతలు ఉన్నాయా. మూడు, పుట్టుక చెప్పే కథ కన్నా మాట పాతదా. కథ ఒక శతాబ్దానిది, మాట అంతకు ముందే రాతల్లో ఉందంటే కథ కల్పితం.

నిఘంటువులో మాట ముందు నక్షత్రం గుర్తు ఉంటే, ఆ రూపం ఎక్కడా రాసి దొరకలేదని, పోలికల ద్వారా పండితులు నిర్మించుకున్నదని అర్థం. కోణం గుర్తు "దీన్నుంచి వచ్చింది" అని చెబుతుంది. ఇచ్చిన సంవత్సరం మాట పుట్టిన ఏడు కాదు, దొరికిన మొదటి రాతది. "పోల్చండి" అన్న సూచన తర్వాత ఉన్నవి బంధువులు, పూర్వీకులు కావు. ఈ చివరి తేడా గమనించకపోవడం వల్లే ఎక్కువ తప్పుడు వ్యుత్పత్తులు పుడతాయి.

రాసిపెట్టుకునేటప్పుడు ఒక ధాతువుకు ఒక కార్డు చాలు. ముందు వైపు ధాతువు, సంస్కృత జోడీ ఉంటే అది. వెనక మూడే మాటలు, ప్రతిదానికీ మీరు సొంతంగా రాసిన వాక్యం ఒకటి, కింద అదే ఇంటిదిలా కనిపించే పరాయి మాట ఒకటి. మూడుకు మించితే కార్డు మళ్లీ జాబితా అయిపోతుంది. రోజుకొక ధాతువు చొప్పున పూర్ కుటుంబంతో మొదలుపెట్టి రెండు వారాల్లో పైన చెప్పినవన్నీ పూర్తి చేయవచ్చు.

వాడేటప్పుడు

ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది కాదు, తేలిగ్గా అంటుకునేది. ముందున్న ఇన్ ఇక్కడ "లోపలికి" అనే అర్థంలోది, "లేదు" అనే ఇన్ కాదు. ఈ పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుందని 1920ల్లో అమెరికాలో అగ్నిప్రమాద నివారణ నిపుణులు ఫ్లేమబుల్ అన్న రూపాన్ని ప్రచారంలో పెట్టారు. సీసా మీద, ట్యాంకరు మీద రాయాల్సి వస్తే ఫ్లేమబుల్ అనే రాయండి, వ్యతిరేకానికి నాన్‌ఫ్లేమబుల్. కంబస్టిబుల్ అంటే కూడా మండేదే, కానీ అంత సులువుగా అంటుకోదు. ద్రవాల విషయంలో అమెరికా అగ్నిప్రమాద నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ తన 30వ నంబరు ప్రమాణంలో 2021 కూర్పుకు ముందు ఇలా గీత గీసింది: ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత, అంటే ఫ్లాష్ పాయింట్, 37.8 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువైతే ఫ్లేమబుల్, అంతకు తక్కువ కాకపోతే కంబస్టిబుల్.

డీఫ్లగ్రేషన్‌లో మంట ధ్వని కన్నా తక్కువ వేగంతో పాకుతుంది, డెటొనేషన్‌లో ధ్వనిని మించుతుంది. రెండోది ఉరుము అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. ఆర్సన్ కావాలని నిప్పంటించిన నేరం, ప్రమాదవశాత్తు అంటుకుంటే ఆ మాట వాడకూడదు. కాన్‌ఫ్లగ్రేషన్ వీధులు దాటి పాకే పెద్ద మంట, వంటింట్లో అంటుకున్నదానికి పెద్ద మాటవుతుంది.

అంటించడానికి ఏ మాట వాడాలన్నది అంటించే వస్తువును బట్టి ఉంటుంది. అగ్గిపుల్లను స్ట్రైక్ చేస్తారు, కొవ్వొత్తిని లైట్ చేస్తారు, చితుకులతో మంట రాజేస్తే కిండిల్, ఇంధనాన్ని ఇగ్నైట్ చేస్తారు. ఆశను, ఆసక్తిని కిండిల్ చేయవచ్చు, వివాదాన్ని ఇగ్నైట్ చేయవచ్చు. మ్యాచ్ అన్నది మొదట దీపపు వత్తికున్న ఫ్రెంచి పేరు. జాన్ వాకర్ 1827లో అమ్మకం మొదలుపెట్టిన రాపిడి పుల్లలకు కూడా అదే పేరు దక్కింది.

ఫైరీ రాసేటప్పుడు ఎక్కువమంది ఫైర్ చివర వై తగిలిస్తారు. సరైన వరస ఎఫ్, ఐ, ఇ, ఆర్, వై. మధ్యయుగ ఇంగ్లీషులో ఫైర్‌కు ఉన్న ఒక పాత రాత అందులో అలాగే నిలిచిపోయింది.

బర్న్ పక్కన వచ్చే చిన్న మాట కూడా అర్థం మారుస్తుంది. ఇల్లు నేలమట్టమయ్యేలా కాలితే బర్న్ డౌన్, కాగితం ఏమీ మిగలకుండా కాలితే బర్న్ అప్, ఇంధనం అయిపోయి తనంతట తాను ఆరిపోతే బర్న్ అవుట్. పని భారంతో మనిషి ఖాళీ అయిపోవడాన్ని బర్న్ అవుట్ అనేది మూడోదాన్ని బట్టే. ఉద్యోగంలోంచి తీసేయడాన్ని ఫైర్ అనడం 19వ శతాబ్దం చివర అమెరికాలో మొదలైంది. తుపాకీ పేల్చడానికీ పనివాణ్ణి పంపేయడానికీ డిస్‌ఛార్జ్ అనే ఒకే మాట ఉండటం దానికి దారి. మామూలు మాటల్లో ఇది చెల్లుతుంది కానీ ఆఫీసు ఉత్తరంలో టర్మినేట్ అనో డిస్మిస్ అనో రాయాలి.